విడిపోయిన అయాన్లు మళ్లీ జతకట్టిన కథ

ఉప్పు నీళ్లలో కరిగితే సోడియం, క్లోరైడ్ అయాన్లుగా, అంటే విద్యుదావేశమున్న కణాలుగా విడిపోతుందని స్కూల్లోనే చదువుకుంటాం. విడిపోయాక అవి ఒకదాన్నొకటి పూర్తిగా వదిలేస్తాయా? దీనికి రసాయన శాస్త్రం నలభై ఏళ్లలో మూడు రకాల జవాబులు చెప్పింది.

1884లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయంలో స్వాంటే అర్హీనియస్ సమర్పించిన థీసిస్‌కు అత్తెసరు మార్కులే పడ్డాయి. కరెంటు పంపకపోయినా కరిగిన లవణంలో అయాన్లు విడిగానే ఉంటాయని 1887లో ఆయన తేల్చి చెప్పాడు. 1903లో నోబెల్ వచ్చింది. అయితే ఆయన లెక్కలో లవణం కొంత మేరకే విడిపోతుంది. లీటరుకు 0.1 మోల్ ఉప్పు కలిపితే, ఒక్కో మోల్‌కు వచ్చే వాహకత (కరెంటును మోసే సామర్థ్యం), బాగా పలుచన చేసినప్పటి దాంట్లో 84 శాతమే. మిగతా 16 శాతం విడిపోలేదని అనుకున్నారు.

ఎసిటిక్ ఆమ్లానికి ఈ లెక్క చక్కగా కుదిరింది. పేచీ అంతా ఉప్పు దగ్గరే. 1909లో డెన్మార్క్‌కు చెందిన నీల్స్ బ్యెరుమ్, పలుచన చేసినా క్రోమియం లవణాల రంగు మారడం లేదని, అంటే కొత్తగా విడిపోయేదేమీ లేదని చూపించి, బలమైన లవణాలు పూర్తిగా విడిపోతాయన్నాడు. 1923లో డెబై, హ్యూకెల్ దానికి గణితం సమకూర్చారు: ప్రతి అయాన్ చుట్టూ వ్యతిరేక ఆవేశం మబ్బులా కమ్ముకుని వెనక్కి లాగుతుంది, వాహకత తగ్గేది అందుకే.

తమాషా ఏమిటంటే, 1926లో అయాన్ల జంటల్ని వెనక్కి తెచ్చిందీ బ్యెరుమే! ఆకర్షణ తక్కువనుకుని డెబై, హ్యూకెల్ వేసిన లెక్క, బాగా దగ్గరకొచ్చిన అయాన్లకు పనికిరాదు. ఉష్ణశక్తికి రెండింతలు మించి లాక్కునేంత దగ్గరున్న రెండింటినీ ఒకే కణంగా లెక్కపెట్టమన్నాడు. 25 డిగ్రీల నీటిలో ఒక్కో ఆవేశమున్న అయాన్లకు ఆ దూరం సుమారు 3.6 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు), రెండేసి ఉంటే 14. గీత సరిగ్గా అక్కడే గీయాలని రూలేమీ లేదు, అది ఆయన ఎంపిక. కానీ ఆలోచన నిలబడింది. 1933లో ఫ్యూస్, క్రాస్ నీటిలో డయాక్సేన్ (అయాన్ల ఆకర్షణను నీరంతగా తగ్గించని ద్రవం) పాలు పెంచుకుంటూ పోతే జంటలు పెరిగాయి, చివరికి మూడేసి అయాన్ల గుంపులూ కనిపించాయి.

ఈ జంటల ప్రభావం, నీటిలో ధ్వనితో వస్తువుల్ని వెతికే సోనార్ వాడేవాళ్లకు బాగా తెలుసు. మంచినీటికంటే సముద్రపు నీరు ధ్వనిని ఎక్కువగా మింగేస్తుంది. వంద కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో దానికి కారణం, సముద్రంలో ఎక్కువగా ఉండే మామూలు ఉప్పు కాదు, మెగ్నీషియం సల్ఫేట్. ధ్వని తరంగం ఒత్తిడి మార్చినప్పుడల్లా దాని జంటలు కలుస్తూ, విడిపోతూ శక్తిని తినేస్తాయి. 1962లో ఐగెన్, టామ్ ఆ కలయికను దశలుగా విడదీశారు: ముందు రెండు అయాన్ల మధ్యా నీటి అణువులుంటాయి, తర్వాత అవి ఒక్కొక్కటిగా తప్పుకుంటాయి.