మొగులు చూసే ఊళ్ల దేవుళ్లు

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్లకు నాయనమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఫోనులో మీలో చిన్నవాడు ఒక ప్రశ్న అడిగాడు. వానకు దేవుడు ఇంద్రుడైతే, ఇంద్రుడి పేరైనా వినని దేశాలలో వాన కురిపించేది ఎవరన్నది వాడి సందేహం. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. పెద్దవాళ్లు చదివి చిన్నవాళ్లకు వినిపించండి.

వాన కోసం ఎవరికో ఒకరికి మొక్కని జాతి దాదాపు లేదు. అయితే ఆ దేవుళ్లకు ఒకరి పోలిక ఒకరికి రాదు. ఒకచోట యోధుడు, ఒకచోట గుర్రం, ఒకచోట పాము, ఇంకొకచోట దేవుడికి బదులు రాణి. ఆ నేలకు నీళ్లు ఏ దారిన వస్తాయి, ఎంత నమ్మకంగా వస్తాయి అన్నదాన్ని బట్టే అక్కడి దేవుడి గుణం ఏర్పడిందని నా అభిప్రాయం. ఈ మాట బోధపడడానికి మన నల్లగొండ వైపు చూస్తే చాలు. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు వరి వేసే రైతు జూన్ నెల రాగానే డ్యాములో నీళ్లు ఎన్ని అడుగులున్నాయని అడుగుతాడు. ఆ డ్యాముకు ఎంతో దూరం లేని మన దేవరకొండ మెట్టల మీద కంది, పత్తి, ఆముదం వేసే రైతు మాత్రం మొగులు వైపు చూస్తాడు. పాలమూరుదీ ఇదే గతి. అరేబియా సముద్రం మీదుగా వచ్చే మేఘాలు తమ బరువంతా పడమటి కనుమల మీదనే దించుకుంటాయి. మహాబలేశ్వరంలో ఏడాదికి అయిదు వేల మిల్లీమీటర్లు దాటి కురిసే వాన, కనుమలు దాటి మన దాకా వచ్చేసరికి ఆరేడు వందలకు పడిపోతుంది. అది కూడా తప్పిపోయి కాలం కాని ఏడు పాలమూరు కూలీలు మూటలు కట్టుకొని ఎక్కడెక్కడికో వలస పోయేవారు.

కాలువ కింది రైతు మనసు తెలియాలంటే ఈజిప్టును చూడాలి. అక్కడ వాన పడడమే అరుదు. అయినా ప్రతి ఏటా ఎండకాలం నడుమ నైలు నది పొంగి, పొలాల మీద ఒండ్రు పరచి, మళ్లీ తగ్గిపోయేది. అందుచేత వాళ్లు పెద్దగా కొలిచింది వానదేవుణ్ణి కాదు, వరదకు దేవుడైన హాపీని. ఆయన బొజ్జతో, తలమీద నీటి మొక్కల కిరీటంతో, రెండు చేతులా పంటలు మోసుకొస్తూ కనిపిస్తాడు. ఉరుము లేదు, ఆయుధం లేదు, కోపమూ పెద్దగా లేదు. క్రీస్తుపూర్వం 14వ శతాబ్దంలో అఖెనాతెన్ అనే రాజు కాలంలో చెక్కిన సూర్యస్తోత్రంలో, పరదేశాల వాళ్ల కోసం దేవుడు ఆకాశంలో ఒక నైలు నదిని పెట్టాడని ఉంది. వాళ్ల దృష్టిలో వాన అంటే నది లేని వాళ్లకు దేవుడు చేసిన ఏర్పాటన్న మాట. నిజానికి ఆ నైలు వరద కూడా ఎక్కడో దక్షిణాన ఇథియోపియా కొండల మీద కురిసిన వానే. మన కృష్ణ కూడా ఆ మహాబలేశ్వరం దగ్గరే పుట్టింది గనుక, మిర్యాలగూడ పొలంలో పారేది కొంతవరకు అక్కడి వానేనని గుర్తుంచుకోండి.

ఇక మొగులు చూసేవాళ్ల దేవుళ్లు వేరు. ఋగ్వేదంలో ఇంద్రుడు ముందు యోధుడు, ఆ తరువాతే వానదేవుడు. వృత్రుడనే మహాసర్పం నీళ్లన్నింటినీ అడ్డగించి కొండ మీద పడుకొని ఉంటే, త్వష్ట చేసి ఇచ్చిన వజ్రాయుధంతో ఇంద్రుడు దాన్ని చంపుతాడు, నీళ్లు అంబా అంటూ పరుగెత్తే ఆవుల వలె సముద్రం వైపు పారుతాయి. వాన రాకపోవడమంటే నీళ్లు లేకపోవడం కాదు, ఎవరో పట్టి ఉంచడం అన్న ఊహ ఇందులో ఉంది. నాలుగు నెలలు ఎండ కాసి, ఒక్కసారిగా ఉరిమి కుండపోతగా కురిసే దేశంలో ఇటువంటి ఊహ పుట్టడంలో వింత లేదు. అదే వేదంలో పర్జన్యుడనే మరొక దేవుడు ఎద్దు వలె రంకెలు వేస్తూ వచ్చి మొక్కలలో బీజం నిలుపుతాడు. నాకు ఇంద్రుడి కంటే ఈ పర్జన్యుడే రైతుకు దగ్గరివాడుగా తోస్తాడు. ఇంద్రుడికి తరువాత కాలంలో పూజ తగ్గిపోయింది. గోపాలకులు ఇంద్రపూజ మాని గోవర్ధనగిరిని పూజించడం, అతడు అలిగి ఏడు రోజులు రాళ్లవాన కురిపించడం, కృష్ణుడు కొండను గొడుగుగా ఎత్తడం మీరు భాగవత కథలో విన్నారు. ఇప్పుడు మన ఊళ్లలో ఇంద్రుడికి గుడి ఎక్కడా కనిపించదు.

ఆ ఋగ్వేదంలోనే కప్పల మీద ఒక సూక్తం ఉంది. ఏడాది పొడవునా వ్రతం పట్టిన బ్రాహ్మణుల వలె మౌనంగా పడి ఉన్న కప్పలు, తొలకరి జల్లు తగలగానే గొంతెత్తుతాయని అందులో వర్ణించారు. ఇది చదివినప్పుడల్లా నాకు మన కప్పతల్లి ఆట గుర్తుకు వస్తుంది. వాన వెనుకపడిన ఏడు పిల్లలు కుంటలో కప్పను పట్టి, తడిగుడ్డలో వేపాకుతో పాటు చుట్టి, రోకలి నడుమ కట్టి, ఇద్దరు రెండు కొసలు భుజాన వేసుకొని ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంటి ఇల్లాలు బిందెడు నీళ్లు తెచ్చి రోకలి మీద గుమ్మరిస్తుంది. కప్ప తడిసేది కొంచెం, మోసేవాళ్ల తలలు తడిసేది ఎక్కువ. చేటలో బియ్యమో జొన్నలో పెట్టి పంపుతారు.

ఇప్పుడు భూగోళానికి అవతలి పక్కకు రండి. మెక్సికోలోని యుకటాన్ ప్రాంతమంతా సున్నపురాతి నేల. వాన పడితే పడ్డట్టే లోపలికి ఇంకిపోతుంది, నేల మీద పారే నదులు లేవు. అక్కడి మాయా జాతివారి వానదేవుడు చాక్. చేతి గొడ్డలితో మేఘాలను కొట్టి ఉరుమును, మెరుపును పుట్టిస్తాడని వాళ్ల నమ్మకం. వాన రానప్పుడు అక్కడి పల్లెల్లో ఈ నాటికీ చేసే పూజలో, పందిరి వంటి పూజావేదిక నాలుగు మూలలా నలుగురు మగపిల్లలను కట్టి కూర్చోబెడతారు. ఆ పిల్లల పని కప్పల వలె బెకబెకమని అరవడమే. మనకూ వాళ్లకూ వేల యేండ్లుగా రాకపోకలు లేవు. తొలకరికి కప్ప అరవడం రెండు చోట్లా ఉంది గనుక, ఒకరి నుంచి ఒకరు నేర్చుకోకుండానే ఇద్దరూ కప్పనే రాయబారిగా పంపారు. ఐరోపాలో సెర్బియా, బల్గేరియా, రుమేనియా పల్లెల్లో కప్పకు బదులు ఒక ఆడపిల్లకు ఒళ్లంతా పచ్చని ఆకులు కట్టి ఇల్లిల్లూ తిప్పేవారు. అక్కడి ఇల్లాళ్లు కూడా ఆ పిల్ల మీద నీళ్లు పోసేవారు. సెర్బియాలో ఆ పిల్లను దోదొలా అంటారు.

మనం వానలను కార్తెలతో లెక్కపెడతాం. మృగశిరకు నేల చల్లబడాలి, ఆరుద్రకు విత్తనం పడాలి. నక్షత్రానికీ వానకూ ఇటువంటి ముడి పాత పారసీకులలో ఇంకా గట్టిగా ఉంది. వాళ్ల వానదేవుడు తిష్త్ర్య, ఆకాశంలో అన్నింటికంటే ప్రకాశవంతమైన సిరియస్ నక్షత్రమే. అతడు బంగారు చెవుల తెల్ల గుర్రమై సముద్రానికి దిగితే, అనావృష్టి రాక్షసుడు అపావొష బోడి నల్ల గుర్రమై ఎదురువస్తాడు. మూడు పగళ్లు, మూడు రాత్రులు పోరాడి దేవుడే ఓడిపోతాడు! మనుషులు తనకు సరిగా పూజ చేయలేదు గనుకనే బలం చాలలేదని అతడు మొర పెట్టుకుంటే, సృష్టికర్త అహురమజ్దా స్వయంగా అతనికి పూజ చేసి, పది గుర్రాల బలం, పది ఒంటెల బలం, పది ఎద్దుల బలం, పది కొండల, పది నదుల బలం ఇస్తాడు. అప్పుడు గెలుస్తాడు. దేవుడికి భక్తుడు ఎంత అవసరమో ఇంత సూటిగా ఒప్పుకున్న కథ నాకు మరొకటి తెలియదు. సిరియా తీరంలోని ఉగారిత్ శిథిలాలలో 1929 నుంచి బయటపడిన మట్టిపలకల మీద వాళ్ల వానదేవుడు బాల్ ఏకంగా చనిపోతాడు. మృత్యుదేవుడు మోత్ అతణ్ణి మింగితే, సోదరి అనాత్ ఆ మోత్‌ను పట్టి ధాన్యాన్ని చేసినట్టే కోసి, తూర్పారబట్టి, తిరగలిలో విసిరి, పొలంలో చల్లుతుంది. తరువాత బాల్ తిరిగి లేస్తాడు.

బతిమాలితే వినని దేవుణ్ణి ఇబ్బంది పెట్టడం కూడా లోకమంతటా ఉంది. చైనాలో వానలు డ్రాగన్ రాజుల అధీనం. ఎంత పూజించినా చినుకు పడకపోతే, ఆ విగ్రహాన్ని గుడిలోంచి తెచ్చి ఎర్రటి ఎండలో నిలబెట్టేవారు, మా బాధ నీకూ తెలియాలని. మన వైపు శివలింగం మునిగేదాకా గర్భగుడిని బిందెలతో నింపడం కూడా ఇటువంటిదే, కాకపోతే మనది అభిషేకమని పేరు పెట్టుకున్న గౌరవమైన పద్ధతి. జపానులో కిబునే గుడికి చక్రవర్తులు వాన కావాలంటే నల్ల గుర్రాన్ని, వాన ఆగాలంటే తెల్ల గుర్రాన్ని సమర్పించేవారు.

అన్నింటిలోనూ భయపెట్టేది మెక్సికో ఆజ్టెక్కుల త్లాలోక్. కళ్ల చుట్టూ వలయాలు, పైపెదవి కింద కోరలు. వాళ్ల రాజధాని నడిబొడ్డున ఉన్న మహాలయం శిఖరం మీద రెండు గుళ్లుంటే ఒకటి యుద్ధదేవుడిది, రెండవది ఇతనిది. మంచి వానతో పాటు వడగండ్లు, పంటకు తెగులు కూడా ఇతని చేతిలోనివే. ఇతనికి చిన్న పిల్లలను బలి ఇచ్చేవారు, వాళ్లు కన్నీరు పెడితే వాన బాగా పడుతుందని నమ్మేవారు. ఆ ఆలయం తవ్వకాలలో పిల్లల ఎముకలు దొరికాయి గనుక ఇది కేవలం శత్రువులు కట్టిన కథ కాదు. మీ వయసు వాళ్లకు ఈ సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించి, దేవుళ్ల కథలంటే అన్నీ ముచ్చటగా ఉంటాయని మీరు అనుకోకూడదని రాశాను.

ఆ త్లాలోక్‌దని చెప్పే ఒక రాతి విగ్రహం కోత్లించాన్ అనే ఊరి దగ్గర వాగులో పడి ఉండేది. ఎత్తు ఏడు మీటర్లు, బరువు 160 టన్నుల పైమాట. మెక్సికో నగరంలో కొత్తగా కడుతున్న మ్యూజియానికి దాన్ని తరలించబోతే ఊరివాళ్లు అడ్డుపడ్డారు, మా వాన మీరెత్తుకుపోతారా అని వాళ్ల బాధ. చివరికి సైన్యం కాపలాతో 1964 ఏప్రిల్ 16న విగ్రహం నగరం చేరింది. వానలు ఇంకా మొదలు కావలసిన కాలం కాదు, అయినా ఆ రోజు నగరంలో కుండపోతగా కురిసింది. మరొక తమాషా ఏమిటంటే, ఆ విగ్రహం త్లాలోక్‌ది కాదని, చెరువులకూ వాగులకూ దేవత అయిన చల్చియుత్లిక్యుయేదని కొందరు పండితుల వాదన.

ఆడదేవతల మాట వచ్చింది గనుక చెబుతున్నాను, ఆకాశంలో ఉరిమేది మగదేవుడు, నేల మీద నిలిచిన నీళ్లకు తల్లి ఆడదేవత అన్న విభజన చాలా చోట్ల కనిపిస్తుంది. మన కట్ట మైసమ్మ అటువంటిదే. చెరువు కట్ట మీద, తరచుగా తూముకు దగ్గరలో, పసుపు కుంకుమల రాయిగా ఉండి, కట్ట తెగకుండా కాసేది ఆమె. బోనం ఆమెకు, మొక్కు ఆమెకు. పానగల్లు ఉదయసముద్రం వంటి చెరువులను తవ్వించిన కాలం నుంచీ మనవాళ్లకు తెలిసిన సంగతి ఒకటే: వాన ఎప్పుడు పడుతుందో మన చేతిలో లేదు, పడ్డదాన్ని నిలపడం మన చేతిలో ఉంది. చెరువులు పూడిపోయి, బోర్లు లోతుకు పోయి, ఫ్లోరైడు నీళ్లు తాగి మన జిల్లాలో ఎందరి ఎముకలు వంకర పోయాయో మీ తాతను అడగండి. అయితే పై విభజన అంతటా నిలవదు. దక్షిణాఫ్రికాలో లింపోపో ప్రాంతపు బలొబెదు జాతికి వాన కురిపించేది వాళ్ల రాణి మొదజాజీ. ఆమె దేవత కాదు, తల్లి నుంచి కూతురికి సంక్రమించే అధికారం గల మనిషి. చుట్టుపక్కల రాజులు ఆమెతో యుద్ధానికి రాకుండా కానుకలు పంపి వాన అడిగేవారు. ఆరవ మొదజాజీ 2003లో పట్టానికి వచ్చి 2005లోనే మరణించింది.

ఇవన్నీ చేస్తే వాన నిజంగా పడేదా అని పెద్దది తప్పక అడుగుతుంది. ఋశ్యశృంగుడు అడుగుపెట్టగానే అంగదేశంలో వాన పడిందని రామాయణం చెబుతుంది, విరాటపర్వం చదివిస్తే వాన పడుతుందని మన పల్లెల నమ్మకం. కప్పతల్లి ఆడేది మాఘమాసంలో కాదు, వాన రావలసిన ఆషాఢంలో. ఆ రోజుల్లో ఏం చేసినా పది దినాల్లో ఎప్పుడో ఒక జల్లు పడే అవకాశమే ఎక్కువ, పడ్డ ఏళ్లు అందరికీ గుర్తుంటాయి, పడని ఏళ్లు ఎవరూ చెప్పుకోరు. రుతుపవనం ఎక్కడ ఆగిందో ఇప్పుడు ఉపగ్రహాలు చూపిస్తున్నాయి. అయినా విత్తనం చేతపట్టుకొని ఒక్కడే గట్టు మీద కూర్చోవడం కంటే ఊరంతా కలిసి తిరగడం మేలని నేను అనుకుంటాను.

ఒక్క దేవుణ్ణి చిన్నవాడి కోసం దాచాను. ఆస్ట్రేలియా వాయవ్యాన కింబర్లీ కొండగుహలలో వాండ్జినా అనే వానదేవతల బొమ్మలున్నాయి. తెల్లని ముఖం, పెద్ద నల్లని కళ్లు, తల చుట్టూ మేఘాలను, మెరుపులను తెలిపే వలయం ఉంటాయి, నోరు మాత్రం ఉండదు. నోరు పెడితే వాన ఇక ఆగదని అక్కడివాళ్లు చెబుతారు. తరతరాలుగా ఆ బొమ్మలకు మళ్లీ మళ్లీ రంగులు వేసి కాపాడుకుంటున్నారు. వాడు ఆ బొమ్మను గీసి నాకు పంపాలి. మా వైపు ఇంకా దుక్కి తడవలేదు గనుక, వాడికి కావాలంటే ఒక చిన్న నోరు పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
మీ నాయనమ్మ,
దేవరకొండ.