ఈగల మందు ఇయర్ ట్యాగులు: అపోహలు - వాస్తవాలు

ఈగల మందు నింపి పశువు చెవికి తగిలించే బిళ్లలే ఈ ట్యాగులు. మేతబీళ్లలో తిరిగే మాంసపు పశువులకు ఇవి మంచి ఆయుధమే. అయితే వాటిని వాడేవాళ్ల దగ్గర నేను తరచూ వినే కొన్ని మాటలు మందకు చేటు చేస్తున్నాయి.

అపోహ: ట్యాగ్ వేస్తే ఏ ఈగా వాలదు.

వాస్తవం: ఇది బాగా పనిచేసేది హార్న్ ఫ్లై మీద. ఇంటి ఈగలో సగం ఉంటుంది. వీపు మీద, భుజాల దగ్గర, ఎండ ముదిరితే పొట్ట కింద గుంపుగా వాలి, తల కిందికి పెట్టి రోజుకు 20 నుంచి 40 సార్లు రక్తం తాగుతుంది. ఆడ ఈగ తాజా పేడలో గుడ్లు పెట్టడానికి తప్ప పశువును దాదాపుగా వదలదు. అందుకే ట్యాగులోంచి కొద్దికొద్దిగా ఊరి, పశువు ఒళ్లు రుద్దుకున్నప్పుడు వెంట్రుకలకు అంటుకునే మందు దానికి తప్పకుండా తగులుతుంది. కాళ్లను కుట్టే స్టేబుల్ ఫ్లై కడుపు నిండగానే ఎగిరిపోతుంది, పైగా మందు కాళ్ల దాకా సరిగా చేరదు. పశువులు మాటిమాటికీ కాళ్లు నేలకేసి కొడుతుంటే ట్యాగుల మీద డబ్బు పోయకండి. పేడతో కలిసి కుళ్లిన గడ్డిని ఎత్తివేయించండి, ఆ ఈగలు పుట్టేది అక్కడే.

అపోహ: ఎంత ముందు వేస్తే అంత మేలు.

వాస్తవం: మందు పనిచేసేది సుమారు 3 నుంచి 5 నెలలు. తొందరపడితే ఈగలు ముసిరే రోజులకే దాని బలం తగ్గిపోతుంది. పెద్ద పశువుకు ఒక పక్క దాదాపు 100, అంటే మొత్తం 200 ఈగలు కనిపించినప్పుడు వేయండి. లెక్కకు ఉదయం చల్లని వేళ మంచిది.

అపోహ: పోయినేడు వేసిన రకమే మళ్లీ వేస్తే చాలు. పాతది చెవికి ఉండిపోయినా నష్టం లేదు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా టెన్షన్ ఇక్కడే. పాత ట్యాగులోంచి వచ్చే కొద్దిపాటి మందుకు బలహీనమైన ఈగలు చస్తాయి, తట్టుకున్నవి పిల్లల్ని పెడతాయి. రెండు మూడు వారాలకో తరం కదా, మందుకు లొంగని ఈగలు త్వరగానే పెరిగిపోతాయి. 1980ల్లో పైరెత్రాయిడ్ అనే వర్గం మందుతో ట్యాగులు వచ్చిన కొన్నేళ్లకే ఇదే జరిగింది. కాబట్టి సీజన్ అయిపోగానే కత్తిరించి తీసేయండి. మరుసటి ఏడాది మందు వర్గం మార్చండి: ఒక ఏడాది పైరెత్రాయిడ్ వాడితే తర్వాత ఆర్గానోఫాస్ఫేట్ అనే మరో వర్గం, ఆ పై ఏడాది ఇంకో వర్గానికి చెందిన అబామెక్టిన్. బ్రాండ్ మారినా లోపలి మందు అదే వర్గానిదైతే మార్చినట్టు కాదు. లేబుల్ మీద మందు పేరు చదివి కొనండి.

దూడలకూ వేయాలా? హార్న్ ఫ్లైలు ఎక్కువగా పెద్ద పశువుల మీదే ఉంటాయి కాబట్టి చాలా మందల్లో అక్కర్లేదు. కళ్ల చుట్టూ మూగే ఫేస్ ఫ్లైల బెడద ఉంటే మాత్రం లేబుల్ ఒప్పుకున్న మేరకు దూడలకు కూడా వేయించండి. వేసేటప్పుడు, తీసేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి.