రమ్మంటే రారేం? బెంగళూరు ఐటీ ఆఫీసుల పేచీకి పూర్వాపరాలు

మారతహళ్లిలో నలుగురు తెలుగు టెకీలు కలిస్తే ఇప్పుడు మొదట వచ్చే ప్రశ్న జీతం గురించి కాదు. 'మీకు వారానికి ఎన్ని రోజులు?' మూడంటే 'పర్లేదులే' అంటారు. అయిదంటే జాలిపడతారు. ఉద్యోగులను ఆఫీసుకు రప్పించాలని కంపెనీలు, తప్పించుకోవాలని ఉద్యోగులు ఏళ్లుగా పెనుగులాడుతూనే ఉన్నారు. హెచ్‌ఆర్ వాళ్లు దీన్ని మొండితనం కింద జమకడతారు. వెనక్కి వెళ్లి చూస్తే లెక్క అంత తేలిగ్గా తేలదు.

బెంగళూరులో ఐటీ పుట్టిందే ఆఫీసు చుట్టూ. 1985లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇక్కడ కేంద్రం తెరిచింది. 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల పథకం, 1998లో వైట్‌ఫీల్డ్‌లో ఐటీపీఎల్ అనే టెక్ పార్కు వచ్చాయి. కరెంటు పోని చోటు, విదేశీ క్లయింటుతో లైను కలిసే చోటు అప్పట్లో ఆఫీసే. అనంతపురం నుంచో చిత్తూరు నుంచో వచ్చి పీజీలో ఒక మంచం అద్దెకు తీసుకున్న కుర్రాడికి ఇంటికన్నా ఆఫీసే నయం. ఏసీ, క్యాంటీన్, క్యాబ్ అన్నీ అక్కడే. అదీగాక నిబంధనలు కూడా ఇంటి నుంచి పనిచేయనిచ్చేవి కావు. కాల్ సెంటర్ల తరహా సంస్థలు ఆ వెసులుబాటు కావాలంటే టెలికాం శాఖ దగ్గర కోటి రూపాయల డిపాజిట్ కట్టాల్సి వచ్చేది. 2020 మార్చిలో కరోనా వచ్చాక ఆ షరతును సడలించారు. నవంబరు కల్లా ఆ నిబంధనల్లో చాలా భాగం ఎత్తేశారు.

ఆ ఏడాది పీజీలు ఖాళీ చేసి కడపకు, నంద్యాలకు, ఒంగోలుకు వెళ్లినవాళ్లు కొద్ది నెలల్లో తిరిగి రావాలనే వెళ్లారు. అయితే కంపెనీల మాటలు మరోలా వినిపించాయి. 2025 నాటికి తమ ఉద్యోగుల్లో 25 శాతం మందే ఆఫీసులో ఉంటే చాలని టీసీఎస్ 2020లోనే చెప్పింది. అంత పెద్ద సంస్థ అన్నాక జనం నమ్మరా? ఊళ్లో ఇల్లు కట్టుకున్నారు, పిల్లల్ని అక్కడే బడిలో వేశారు, అమ్మానాన్నల మందులూ డాక్టర్లూ వీళ్ల చేతికొచ్చాయి. కంపెనీలేమో చాలాచోట్ల అద్దె భవనాలు వదులుకున్నాయి.

తర్వాత గాలి మళ్లింది. 2023 అక్టోబరులో టీసీఎస్ అయిదు రోజులూ రమ్మంది. నవంబరులో విప్రో వారానికి మూడు రోజులంది. ఇన్ఫోసిస్ కొన్ని స్థాయిల వాళ్లకు నెలకు పది రోజులు పెట్టింది. 2024లో టీసీఎస్ హాజరును వేరియబుల్ పేకు, అంటే జీతంలో స్థిరంగా ఉండని భాగానికి, ముడిపెట్టింది. దీని వెనక సెజ్‌ల (ప్రత్యేక ఆర్థిక మండలాల) సంగతి కూడా ఉంది. అక్కడి పన్ను రాయితీలు, పని అక్కడే జరగాలన్న లెక్క మీద ఇచ్చినవి. 2022 జులైలో కేంద్రం సగం మందికి ఏడాదిపాటు ఇంటి నుంచి పని చేయనిచ్చింది. డిసెంబరులో దాన్ని అందరికీ వర్తింపజేస్తూ 2023 చివరి దాకా పొడిగించింది. ఈ గడువుల గొడవ టౌన్‌హాల్ మీటింగుల్లో విప్పి చెప్పిన మేనేజర్లు అరుదు. 'కల్చర్', 'కొలాబరేషన్' అన్న మాటలే వినిపించాయి.

అలా వచ్చినవాళ్లకు సీటూ లేదు. స్థలం తగ్గించుకున్న కంపెనీలు యాప్‌లో సీటు బుక్ చేసుకోమన్నాయి. ఒకప్పుడు డెస్కు మీద వెంకటేశ్వరస్వామి స్టిక్కరు, సొరుగులో ఆవకాయ సీసా, కుర్చీకి వేలాడే స్వెట్టరు ఉండేవి. ఇప్పుడు సాయంత్రం వెళ్తూ అంతా లాకర్లో సర్దెయ్యాలి. ఒకే ప్రాజెక్టు వాళ్లకు రెండో అంతస్తులో ఒకటి, అయిదో అంతస్తులో ఒకటి సీట్లు దొరుకుతాయి. గంటన్నర ట్రాఫిక్‌లో వచ్చి, హెడ్‌సెట్ పెట్టుకుని పై అంతస్తు వాడితో టీమ్స్ కాల్‌లో మాట్లాడతారు. కలిసి పనిచేయడమంటే ఇదేనా అని అడిగితే జవాబు చెప్పడం కష్టం.

ఈ ముచ్చట కొత్తదీ కాదు. 1994లో లాస్ ఏంజెలెస్‌లో షియాట్ డే అనే ప్రకటనల సంస్థ సొంత డెస్కులు తీసేసి, రోజూ పొద్దున కౌంటర్లో ఫోను, ల్యాప్‌టాప్ తీసుకోమంది. అవి చాలక జనం ముందే వచ్చి దాచుకున్నారు. కాగితాలకు కారు డిక్కీలే బీరువాలయ్యాయి. కొన్నేళ్లకే ఆ పద్ధతికి నీళ్లొదిలారు.

అంతకన్నా పాతది, నాకు ఎక్కువ పనికొచ్చేదిగా కనిపించేది, అమెరికాలో వర్జీనియాలోని హార్వుడ్ పైజమాల ఫ్యాక్టరీ ముచ్చట. పని పద్ధతీ కూలి రేటూ మార్చినప్పుడల్లా అక్కడి కార్మికులు డీలా పడేవారు. లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే పరిశోధకులు దాన్ని పరీక్షించి 1948లో అచ్చువేశారు. నిర్ణయం చేసేసి చెప్పిన బృందంలో మొదటి 40 రోజుల్లోనే 17 శాతం మంది మానేశారు. ఉత్పత్తి మళ్లీ కోలుకోలేదు. మార్పు ఎందుకో చూపించి, ఎలా చేద్దామో అందరితో కూర్చుని తేల్చుకున్న బృందాల్లో ఒక్కరూ మానలేదు. ఉత్పత్తి పాత స్థాయిని దాటి 14 శాతం దాకా పెరిగింది. మార్పు ఎంత పెద్దదన్నది మాత్రం అందరికీ దాదాపు ఒకటే.

యాజమాన్యాల వాదన పూర్తిగా ఉత్తదని అనను. 2020, 21లో చేరిన ఫ్రెషర్లు సీనియర్ పక్కన కూర్చుని నేర్చుకునే అవకాశమే లేకుండా పెరిగారు. పోటీ సంస్థలకూ పనిచేస్తున్నారని 300 మందిని తీసేసినట్టు విప్రో 2022లో ప్రకటించింది. అయితే అదే ఏడాది సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు మునిగి టెకీలు ట్రాక్టర్లెక్కారు. ట్రాఫిక్‌ను లెక్కగట్టే టామ్‌టామ్ సంస్థ 2023 లెక్కల్లో బెంగళూరులో పది కిలోమీటర్లు దాటడానికి సగటున 28 నిమిషాల 10 సెకన్లు పట్టింది. రానంటున్నవాళ్లలో ఎందరు ఆఫీసును కాదంటున్నారో, ఎందరు దారిని కాదంటున్నారో విడివిడిగా అడిగిన కంపెనీ నాకు తారసపడలేదు. ఆ రెంటికీ మందు ఒకటి కాదు. 2025 ఆగస్టులో పసుపు లైను మెట్రో మొదలయ్యాక ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లకు దారి కష్టం కొంత తీరింది. ఒకే కంపెనీకి అక్కడా, ఔటర్ రింగ్ రోడ్డు మీదా ఆఫీసులుంటే రెండింటికీ ఒకే 'వారానికి ఇన్ని రోజులు' రూలు పెట్టడం నాకు అర్థం కాదు.