బ్రోకర్ చూపే లెక్కను ఎక్కడ సరిచూసుకోవాలి? అపోహలు - వాస్తవాలు

అపోహ: వెబ్‌సైట్‌లో సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటే చాలు.

ఆ నంబర్‌ను ఎవరైనా కాపీ కొట్టి పెట్టుకోవచ్చు. స్టాక్ బ్రోకర్ నంబర్ ఐఎన్‌జెడ్‌తో మొదలవుతుంది. ఐఎన్‌హెచ్ అంటే రీసెర్చ్ అనలిస్ట్, ఐఎన్‌ఏ అంటే పెట్టుబడి సలహాదారు. ట్రేడింగ్ కోసమని మీ డబ్బు తీసుకునే హక్కు ఈ చివరి రెండు రిజిస్ట్రేషన్లతో రాదు. సెబీ జాబితాలో ఆ నంబర్‌ను వెతికి పేరు, చిరునామా, ఈమెయిల్ పోల్చండి. డబ్బు వేయమన్న ఖాతా ఎవరో వ్యక్తి పేరునో, ఏదో ‘ట్రేడర్స్’ పేరునో ఉంటే అక్కడే ఆగిపోండి. యూపీఐ అయితే ఐడీలో ‘.బీఆర్‌కే’, దాని వెంట ‘@వాలిడ్’ ఉన్నాయా అని చూసి, సెబీ వారి ‘సెబీ చెక్’ సాధనంలో సరిచూసుకోండి.

అపోహ: యాప్‌లో షేర్లు కనిపిస్తున్నాయంటే నా ఖాతాలో ఉన్నట్టే.

అసలు ప్రమాదం ఇక్కడే. యాప్‌లోది బ్రోకర్ రాసిన లెక్క. షేర్లు ఉండేది వాటిని ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరిచే డిపాజిటరీల్లో, అంటే సీడీఎస్‌ఎల్‌లోనో, ఎన్‌ఎస్‌డీఎల్‌లోనో. హైదరాబాద్‌కు చెందిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ చిన్నాచితకా సంస్థేమీ కాదు. ఖాతాదారుల షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిందని తేలడంతో 2019 నవంబరులో కొత్త ఖాతాలు తెరవకుండా సెబీ ఆపింది, 2023లో రిజిస్ట్రేషన్ రద్దు చేసింది. పేరు చూసి నమ్మడం ఎందుకు చాలదో దీన్నిబట్టే తెలుస్తుంది.

2020 నుంచి మార్జిన్ (ట్రేడింగ్‌కు పూచీగా చూపే మొత్తం) కోసం షేర్లు ప్లెడ్జ్ చేయాలంటే, అంటే తాకట్టు పెట్టాలంటే, డిపాజిటరీ పంపే ఓటీపీ కావాలి. అది ఎవరికీ చెప్పకండి. డిపాజిటరీ నుంచి ఈమెయిల్‌కు వచ్చే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్‌ను యాప్‌తో పోల్చండి. మీరు పెట్టని ప్లెడ్జ్ కనిపిస్తే వెంటనే అడగండి. ఒక్క రోజు తేడా ఉంటే కంగారు అక్కర్లేదు, కొన్న షేర్లు మర్నాటి పనిదినానికి గానీ చేరవు. ఇంకో మాట: ఖాతా తెరిచేటప్పుడు కొందరు ఏజెంట్లు తమ ఫోన్ నంబరే ఇచ్చేస్తారు. అప్పుడు ఎక్స్ఛేంజీ, డిపాజిటరీ పంపే హెచ్చరికలన్నీ వాళ్లకే పోతాయి. ముందు ఆ నంబర్ సరిచేయించండి.

అపోహ: జీరో బ్రోకరేజీ అంటే ఖర్చే ఉండదు.

లక్ష రూపాయల షేర్లు డెలివరీకి (అదే రోజు అమ్మకుండా ఉంచుకోవడానికి) కొంటే ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల పన్ను) 100, స్టాంపు డ్యూటీ 15 రూపాయలు ఎలాగూ పడతాయి. అమ్మినప్పుడు డీమ్యాట్ ఖాతా నుంచి షేర్లు బయటికి పంపినందుకు పడే డీపీ చార్జీ, కాంట్రాక్ట్ నోట్‌లో (ఆ రోజు లావాదేవీల బిల్లులో) ఉండదు. బ్రోకర్ దగ్గర మీ జమాఖర్చులు చూపే లెడ్జర్ తెరిస్తేనే కనబడుతుంది.

అపోహ: ఒకసారి డబ్బు వెనక్కి వచ్చింది, కాబట్టి అసలు యాపే.

చిన్న మొత్తం తిరిగివ్వడం ఎర. పెద్ద మొత్తం అడగ్గానే ‘ముందు పన్ను కట్టండి’ అంటారు. మన దేశంలో ఉండేవారు షేర్ల లాభంపై పన్నును ఆదాయపు పన్ను శాఖకే కడతారు, బ్రోకర్‌కు కాదు. ఆ మాట వినగానే ఇంకో రూపాయి వేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బదిలీల యూటీఆర్ నంబర్లు (ప్రతి బదిలీకీ బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) చేతిలో ఉంచుకోండి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు దాటిపోతుంది.