"సోలార్ పెట్టించాం కదండీ, ఇంకేం కావాలి?": కాలేజీ భవనాలపై అపోహలు - వాస్తవాలు

కాలేజీ భవనాల కరెంటు, నీటి లెక్కలు చూడటం నా పని. ఏ ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నా మొదట వినిపించే మాట సోలార్. అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: సోలార్ పలకలు బిగిస్తే భవనం పర్యావరణహితం అయిపోయినట్టే.

వాస్తవం: సోలార్ చివరి మెట్టు. ముందు వాడకం తగ్గాలి. పాత సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు లాగుతుంది, కరెంటు తక్కువ తినే బ్రష్‌లెస్ మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 చాలు. 500 ఫ్యాన్లున్న కాలేజీలో అవి రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 200 రోజులు తిరుగుతాయనుకుందాం. అన్నీ మారిస్తే మిగిలేది 36,000 యూనిట్లు. మన ఎండకు కిలోవాట్ సోలార్ రోజుకు సగటున 4 యూనిట్లిస్తుంది. అంటే దాదాపు 25 కిలోవాట్ల ప్లాంటు ఏడాదంతా ఇచ్చే కరెంటు ఈ ఫ్యాన్లలోనే ఉంది! అన్నీ ఒకేసారి మార్చనక్కర్లేదు. కాలిపోయిన మోటారుకు మళ్లీ మళ్లీ వైండింగ్ చేయించడం మానేసి, ఆ చోట బీఎల్‌డీసీ ఫ్యాన్ పెడితే చాలు.

అపోహ: పై అంతస్తు వేడికి ఏసీయే మందు.

వాస్తవం: ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటికి పై అంతస్తు క్లాసులో కూర్చుని చూడండి. బల్ల మీద మోచెయ్యి ఆనించలేం, ఫ్యాన్ వేడిగాలినే మొహాన కొడుతుంది. దోషం తలపైన కాగిన స్లాబుది. ఏసీ పెడితే ఆ స్లాబుతోనే రోజంతా కుస్తీ పడుతుంది. ముందు డాబాకు ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేయించండి. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం సారాంశం ఇదే. అయితే పూత మీద దుమ్ము పేరుకుంటే ప్రయోజనం తగ్గుతుంది కాబట్టి ఎండలు ముదరకముందే కడిగించాలి. ఈ ఒక్క పనీ ఎవరూ చేయించరు.

పడమటి గోడ సంగతి వేరు. సాయంత్రపు ఎండ అడ్డంగా వస్తుంది, కిటికీ పైనున్న సజ్జ దాన్ని ఆపలేదు. నిలువు పలకలో, చిల్లుల జాలీ గోడో, చెట్టో కావాలి. అక్కడ నిలువెత్తు గాజు బిగించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బ్రోచర్‌లో ఫొటో బాగుంటుంది, కాదనను.

అపోహ: పాతది కూల్చి కొత్తగా కట్టడమే మేలు.

వాస్తవం: పాత భవనానికి వాడిన సిమెంటు, ఉక్కు తయారీలో వెలువడిన కాలుష్యం ఎప్పుడో జరిగిపోయింది. కూలిస్తే మళ్లీ మొదటికొస్తుంది. 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ రాతి గోడల మధ్య ఒకసారి నిలబడి చూడండి, పాత భవనం ఎంతకాలం నిలుస్తుందో తెలుస్తుంది.

అపోహ: పర్యావరణహిత భవనమని చెప్పే గ్రీన్ సర్టిఫికేట్ వస్తే పని పూర్తయినట్టే.

వాస్తవం: భవనం రోజూ ఎలా నడుస్తోందన్నది సర్టిఫికేట్ చెప్పదు. 800 మిల్లీమీటర్ల వాన కురిస్తే 1,000 చదరపు మీటర్ల డాబా మీద పడేది 8 లక్షల లీటర్లు. అలాంటి డాబాలున్న ఒక కాలేజీకి వెళ్లాను. గోడ మీద గ్రీన్ సర్టిఫికేట్ ఫలకం తళతళలాడుతోంది. ఇంకుడు గుంత మూత తీయించడానికి గడ్డపార కావాల్సి వచ్చింది. లోపల ఎండుటాకులు, టీ కప్పులు, ఒక విరిగిన కుర్చీ. పక్కనే ట్యాంకరు సంపులోకి నీళ్లు దించుతోంది.