తానెక్కడుందో తెలియని నౌక

చంద్రుడి మీద గాలి లేదు కాబట్టి పారాచూట్ పనికిరాదు. 30 కిలోమీటర్ల ఎత్తున సెకనుకు దాదాపు 1.68 కిలోమీటర్ల వేగంతో సాగే ల్యాండర్, ఆ వేగాన్నంతా ఇంజన్లతోనే తగ్గించుకోవాలి. భూమి నుంచి రేడియో సంకేతం చేరడానికే 1.3 సెకన్లు పడుతుంది కనుక అడుగడుగునా ఆదేశాలివ్వడం కుదరదు. నిర్ణయాలన్నీ నౌకే తీసుకోవాలి. అందుకు ముందుగా తానెక్కడుందో దానికి తెలియాలి.

నౌక ఎటు తిరుగుతోందో కొలిచే గైరోస్కోపులు, త్వరణాన్ని కొలిచే పరికరాలు కలిసి వేగాన్నీ స్థానాన్నీ లెక్కగడతాయి. చీకట్లో అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవడం లాంటి పద్ధతి ఇది. అడుగు కొలతలో ఇసుమంత తేడా ఉన్నా, నడిచేకొద్దీ అది పెరుగుతూనే ఉంటుంది. దాన్ని సరిదిద్దడానికి లేజర్, రాడార్, కెమెరాలు ఉంటాయి.

2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ ఇంజన్లు అనుకున్నదానికంటే ఎక్కువ థ్రస్ట్ (తోపుడు బలం) ఇచ్చాయి. ఫోటోలు తీసేందుకు నౌక నిలకడగా ఉండవలసిన దశ ఒకటి మధ్యలో ఉండడంతో తేడాలు సరికాకుండానే పోగుపడ్డాయి. తర్వాత సరిదిద్దుకోబోతే, నౌక ఎంత వేగంగా తిరగవచ్చో సాఫ్ట్‌వేర్ విధించిన హద్దు అడ్డొచ్చింది. పైగా చేరవలసిన చోటు 500 మీటర్ల చదరం మాత్రమే. చివరకు విక్రమ్ కూలిపోయింది.

2023 ఏప్రిల్‌లో జపాన్ సంస్థ ఐస్పేస్ పంపిన హకుటో-ఆర్ కథ నన్ను మరింత ఆలోచింపజేస్తుంది. ఆ నౌక ఒక బిలం అంచును దాటగానే కింది నేల ఒక్కసారిగా దాదాపు 3 కిలోమీటర్లు లోతుకు దిగిపోయింది. పరికరం ఎత్తును సరిగానే కొలిచింది. కానీ అంత తేడా రావడంతో, పరికరమే చెడిందని భావించిన సాఫ్ట్‌వేర్ ఆ కొలతను పక్కనబెట్టి సొంత లెక్కనే నమ్ముకుంది. నేలకు చేరానని అనుకునే సమయానికి నౌక ఇంకా 5 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. ఇంధనం అయిపోయేదాకా నెమ్మదిగా దిగుతూ, చివరకు కూలిపోయింది.

ఏ పరికరాన్ని ఎప్పుడు నమ్మాలన్నదే ఇక్కడ అసలు చిక్కు అని నా అభిప్రాయం. చంద్రయాన్-3లో ఇస్రో పొరపాటుకు చోటు ఉంచి మరీ నౌకను రూపొందించింది: దిగే ప్రాంతాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచింది; కాళ్లను దృఢపరిచింది; వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ డాప్లర్ పరికరాన్ని చేర్చింది. శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆ నౌక 2023 ఆగస్టు 23 సాయంత్రం 6:04కు క్షేమంగా దిగింది. అది దిగే చోటును ఎంచడానికి తోడ్పడిన ఫోటోలు, 2019 నుంచీ చంద్రుడి చుట్టూ తిరుగుతున్న చంద్రయాన్-2 ఆర్బిటర్ తీసినవే.