కొత్తూరు గోళీ వెనక కథ

హైదరాబాద్ నుంచి బెంగళూరు హైవే మీద షాద్‌నగర్‌కు ముందు వచ్చే కొత్తూరు 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది. ఇప్పుడది రంగారెడ్డి జిల్లా. పిన్‌కోడ్ మాత్రం ఇంకా పాలమూరు వరసలోదే, 509228. నాట్కో ఫార్మా ప్లాంటు అక్కడే ఉంది, మందుల ముడిసరుకు తయారుచేసే యూనిట్ దగ్గర్లోని మేకగూడలో ఉంది. 2003లో ఈ కంపెనీ ‘వీనాట్’ పేరుతో బ్లడ్ క్యాన్సర్ గోళీని మార్కెట్లోకి తెచ్చింది. అసలు మందు ఇమాటినిబ్. దాని కోసం పదేళ్లు తల బద్దలుకొట్టుకున్న డాక్టరు ఉండేది అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో.

ఆయన పేరు బ్రయన్ డ్రూకర్. ఆయన మందు వెతికింది క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్‌కు, డాక్టర్లు సీఎంఎల్ అంటారు. మొదట్లో పెద్దగా తెలియదు. నీరసం, ఎడమ డొక్క కింద బరువు, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుండటం. రక్తపరీక్ష చేయిస్తే పదకొండు వేలు దాటకూడని తెల్లకణాలు లక్ష దాటి కనిపిస్తాయి.

1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఈ రోగుల కణాల్లో ఒక క్రోమోజోము పొట్టిగా ఉండటం గమనించారు. 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారయ్యాయని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ అతుకు దగ్గర పుట్టే బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రొటీన్ ఆగకుండా పనిచేస్తూ తెల్లకణాలను పెంచుకుంటూ పోతుంది. మరి ఆ ఒక్క ప్రొటీన్‌ను ఆపితే?

డ్రూకర్ ఈ ప్రశ్న మీద కూర్చున్నది బోస్టన్‌లోని డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థలో. ఆ సంస్థకు పునాది వేసిన సిడ్నీ ఫార్బర్ 1947లో పిల్లల లుకేమియా మీద ప్రయోగించిన అమినోప్టెరిన్ మందు, మన తెలుగు శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ల్యాబు నుంచి వెళ్లిందే. మనవాళ్లు ఎప్పుడో గాని తలుచుకోని సంగతి ఇది.

సీబా-గైగీ అనే మందుల కంపెనీలో నిక్ లైడన్ బృందం ఇలాంటి ప్రొటీన్లను ఆపే రసాయనాలు తయారుచేస్తోంది. డానా-ఫార్బర్ ఒప్పందమేమో దాని పోటీ కంపెనీ శాండోజ్‌తో. దాంతో డ్రూకర్ 1993లో పోర్ట్‌లాండ్‌కు మారి, లైడన్ పంపిన రసాయనాలను పరీక్షించారు. వాటిలో ఒకటి, అదే తర్వాత ఇమాటినిబ్ అయింది, మామూలు కణాలను పెద్దగా ముట్టకుండా సీఎంఎల్ కణాలనే చంపింది. 1996లో ఆ ఫలితం అచ్చయింది. అయినా కంపెనీ తటపటాయించింది. రోగులు తక్కువ, అమ్మకాలెంత ఉంటాయన్న లెక్క. డ్రూకర్ వెంటపడకపోతే ఆ మందు షెల్ఫులోనే ఉండిపోయేదనిపిస్తుంది.

1998 జూన్‌లో మనుషుల మీద ట్రయల్ మొదలైంది. అప్పటిదాకా వాడుతున్న ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు పనిచేయక ఆశ వదులుకున్నవాళ్లే అందులో ఎక్కువ. రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆ పైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది. 2001 మే 10న అమెరికాలో అనుమతి దొరికింది. డ్రూకర్, లైడన్, చార్లెస్ సాయర్స్‌లకు 2009లో వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ అవార్డు వచ్చింది.

సైన్స్ అంతవరకే చేయగలిగింది. సీబా-గైగీ, శాండోజ్ కలిసి నోవార్టిస్ అయ్యాయి, ఆ కంపెనీ గోళీలు అప్పట్లో ఇక్కడ నెలకు దాదాపు లక్షా ఇరవై వేలు ఉండేవి. వీనాట్ లాంటి జనరిక్, అంటే అదే మందును వేరే కంపెనీ చేసింది అయితే ఎనిమిది నుంచి పది వేలు ఉండేది. నోవార్టిస్ చాలామంది రోగులకు ఉచితంగా కూడా ఇచ్చింది, అది కాదనలేం. కానీ రేటు మాత్రం దిగలేదు. 2003 నవంబరులో నోవార్టిస్‌కు ఆ మందును తానొక్కటే అమ్ముకునే ప్రత్యేక మార్కెటింగ్ హక్కులు దక్కాయి, మరుసటి జనవరిలో మద్రాసు హైకోర్టు జనరిక్‌లకు బ్రేక్ వేసింది. 2005లో మారిన పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(డి) కథను తిప్పింది: పాత మందుకు కొత్త రూపం ఇస్తే చాలదు, రోగం మీద అది ఇంకా బాగా పనిచేయాలి. నాట్కో, క్యాన్సర్ రోగుల సంఘం ఒకటి, మరికొన్ని కంపెనీలు అభ్యంతరం చెప్పాయి. మందు కొత్త స్ఫటిక రూపానికి నోవార్టిస్ అడిగిన పేటెంట్‌ను 2006లో తిరస్కరించారు. కేసు నడిచీ నడిచీ సుప్రీంకోర్టుకు చేరింది. కొత్త స్ఫటిక రూపం ఒంట్లోకి 30 శాతం ఎక్కువ ఇంకుతుందన్నది నోవార్టిస్ వాదన. ఇంకడం వేరు, నయం చేయడం వేరని 2013 ఏప్రిల్ 1న కోర్టు కొట్టేసింది.

ఇప్పుడు నల్లగొండ, పాలమూరు రోగులకు గోళీ ఖర్చు మునుపటంత టెన్షన్ కాదు. అన్నం తిన్నాక పెద్ద గ్లాసుడు నీళ్లతో మామూలుగా రోజూ 400 మిల్లీగ్రాములు వేసుకోవాలి. కళ్ల చుట్టూ ఉబ్బు, కండరాలు పట్టేయడం లాంటివి భరించాలి. బాగున్నాం కదా అని సొంతంగా ఆపేస్తే తెల్లకణాలు మళ్లీ పెరుగుతాయి. మందు పట్టు తప్పిందేమో చూడాలంటే మూణ్నెల్లకోసారి రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ ఎంత మిగిలిందో కొలిచే పీసీఆర్ పరీక్ష కావాలి. కొందరిలో ప్రొటీన్ రూపు మారి ఇమాటినిబ్‌కు లొంగదు, అప్పుడు డాసాటినిబ్, నిలోటినిబ్ లాంటి తర్వాతి మందులకు మారుస్తారు.